తెలిసిన దారియా, క్రొత్త దారియా?
రసాయన ప్రక్రియల పేటెంట్లను విచారించు విధము



నేటి ప్రసంగమునకు విషయము పేటెంటు. ఈ మాట పట్టణములలో వకీళ్ళ నోటను, ఔషధ కర్మాగారముల వారి నోటను వినబడునదే గాని, కామారెడ్డి అంగడికి బెల్లము తోలుకొనిపోవు రైతునకును, ఎల్లారెడ్డి ప్రాంతమున వరి పండించు కాపునకును దీనితో పనియేమి యని మీకు తోచవచ్చును. పని కలదు. మీరు పొలమున జల్లు యూరియా వెనుకను, మొగిపురుగునకు కొట్టు మందు వెనుకను పేటెంట్ల వ్యాజ్యములు కలవు. మన పెరటి పసుపును, వేపనూనెను గూర్చి సయితము దూరదేశములలో పేటెంట్లు పుట్టి, వాదములు జరిగి, తుదకు కొట్టివేయబడినవి. కావున ఈ సంగతి గ్రామ పెద్దలు తెలిసికొనదగినదే.

నేను బడిలో వ్యాకరణమును, కొంత తర్కమును చెప్పి కాలము గడిపినవాడను. రసాయన శాస్త్రము నా వృత్తి కాదు. అయినను ఒక ప్రక్రియకు పేటెంటు నీయవచ్చునా కూడదా యను విచారణలో సగపాలు తర్కమే. పూర్వపక్షమేది, ప్రమాణమేది, సిద్ధాంతమేది యని అడుగుటయే అందలి పని. ఆ పాలు మాత్రము మీకు విన్నవించెదను.

పేటెంటు అనగా ప్రభుత్వము ఆవిష్కర్తతో చేసికొను ఒక ఒడంబడిక. క్రొత్త వస్తువును గాని, వస్తువును చేయు క్రొత్త విధమును గాని కనుగొన్నవాడు దానిని రహస్యముగా దాచుకొనక, ఆ విద్య తెలిసినవాడు చదివి చేయగలుగునంత తేటగా వ్రాసి యీయవలెను. అందుకు ప్రతిఫలముగా, దరఖాస్తు పెట్టిన దినము మొదలు 20 సంవత్సరములు అతని యనుమతి లేక ఇతరులు దానిని వ్యాపారమునకు వాడరాదు. గడువు తీరగానే అది లోకులందరి సొత్తగును. ఇందు వస్తువు వేరు, ప్రక్రియ వేరు. బెల్లము వస్తువు, బెల్లము వండు విధము ప్రక్రియ.

మన దేశపు 1970 పేటెంట్ల చట్టము ఆహారములకును ఔషధములకును వస్తువు మీద పేటెంటు నీయక, చేయు విధము మీద మాత్రమే ఇచ్చెడిది. 2005 జనవరి 1 నుండి ఆ కట్టుబాటు తొలగినది. నడుమ గడచిన కాలమున హైదరాబాదు పరిసరములలో ఔషధ పరిశ్రమ వర్ధిల్లుటకు ఇదియొక ముఖ్య కారణము. ఒకే మందును వేరొక దారిని చేయగలవానికి అడ్డు లేకుండెను. కావున ఏది తెలిసిన దారి, ఏది క్రొత్త దారి యను ప్రశ్న మన తెలుగునాట వేలమంది జీవనమునకు సంబంధించినది.

పేటెంటు కోరువాడు మూడు ద్వారములు దాటవలెను. మొదటిది క్రొత్తదనము: అది యింతకు పూర్వము ఎవరికిని తెలియనిదై యుండవలెను. రెండవది ఉపయోగము: పరిశ్రమలో పనికి వచ్చునదై యుండవలెను. మూడవది యన్నిటికంటె ఇరుకైనది. అది క్రొత్తదైనను, ఆ వృత్తిలో ఆరితేరినవానికి దానంతట అది స్ఫురించునది కాకుండవలెను. మన చట్టమున 2వ విభాగము దీనినే నిర్వచించినది. ఉన్న జ్ఞానముకంటె సాంకేతికముగా ముందడుగైనను, ఆర్థిక ప్రాముఖ్యమైనను, లేక రెండును ఉండి, ఆ విద్యయందు నిపుణుడైనవానికి తేటతెల్లము కానిదే ఆవిష్కారపు మెట్టు అని దాని తాత్పర్యము. ఈ తేటతెల్లమను మాట చుట్టునే వ్యాజ్యములన్నియు తిరుగుచున్నవి.

మనకు దగ్గరనున్న పనితో దీనిని తెలిసికొందము. కామారెడ్డి బెల్లపు వ్యాపారమునకు పేరొందిన యూరు. మంజీరా మీద నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప ఈ సీమలో చెరకు విస్తరించినది. గానుగ యాడిన రసమును పెనములో పోసి, చెరకు పిప్పితో మంట పెట్టి, సున్నపు తేట కలిపి, బెండమొక్కల జిగురు చల్లి, పైకి తేలిన మడ్డిని తీసివేసి, పాకము ముదిరినదో లేదో చన్నీట వేసి చూచుట మీ రెరిగిన విధమే. ఇదియు రసాయన ప్రక్రియయే. సున్నము పులుపును విరిచివేయును. జిగురు మలినములను కూడగట్టును. వేడి నీటిని తరుముచు రసమును చిక్కబరచును.

ఇప్పుడు ముగ్గురు మనుష్యులు పేటెంటు కోరి వచ్చిరనుకొందము. మొదటివాడు, బెండజిగురుతో రసమును తేర్చు విధము నాదే యనును. వానికి మొదటి ద్వారముననే తలుపు మూయబడును, అది లోకమెరిగినది గనుక. రెండవవాడు, బెండకు మారుగా జిగురు గల మరియొక మొక్కను వాడితిననును. ఆ మొక్కతో బెల్లము వండినవారు మునుపు లేరేమో. అట్లయిన అది క్రొత్తదే. కాని జిగురు మలినమును కూడగట్టునని తెలిసిన వంటవాడు బెండ దొరకనినాడు మరియొక జిగురుమొక్క కొరకు చేయి చాపక మానునా? మానడు. పొందిన ఫలితమును అందరు ఎదురుచూచినదే. కావున వాడు మూడవ ద్వారమున నిలిచిపోవును.

మూడవవాని మాట విచారింపదగినది. గాలి తీసివేసిన మూతపాత్రలో, తక్కువ వేడిమికే రసము మరగునట్లు చేసి బెల్లము వండితిననును. అట్టి పాత్రను పంచదార పరిశ్రమకు ఎడ్వర్డు చార్లెస్ హోవర్డు అను ఆంగ్లేయుడు 1813లోనే పేటెంటు చేసెను. పంచదార మిల్లులలో అది సామాన్యమైన సాధనము. పంచదారయు బెల్లమును ఒక్క రసము బిడ్డలే. కావున బెల్లపు నిపుణుడు ప్రక్కయింటి పాత్రను తెచ్చుకొనుటలో ఆశ్చర్యము లేదని పూర్వపక్షి వాదించును. ఆ వాదము బలమైనదే. అయితే, అట్లు వండిన పాకము గట్టిపడక జావగానే మిగులుచుండగా, అందరు విడిచిపెట్టిన తరువాత, ఈతడు ఎవరును ఊహింపని యొక మెట్టును నడుమ చేర్చి అచ్చుకు నిలిపెననుకొందము. అప్పుడు ఆ మెట్టు వరకు ఆవిష్కారము కావచ్చును. పాత్ర కాదు, ఆ మెట్టే వాని సొత్తు.

ఈ యుదాహరణమునుండి విచారణక్రమము తేలుచున్నది. మొదట, ఆ వృత్తిలో సామాన్య నిపుణుడెవడో నిర్ణయింపవలెను. ఆతడు మహామేధావి కాడు, మందుడును కాడు. తన వృత్తిలో వ్రాయబడినదంతయు చదివినవాడు, చేయబడినదంతయు ఎరిగినవాడు. కాని యెవరును త్రొక్కని దారి త్రొక్కు చొరవ లేనివాడు. రెండవది, దరఖాస్తు పెట్టిన నాటికి లోకమునకు తెలిసియున్నదేదో సాక్ష్యముతో నిలుపవలెను. మూడవది, తెలిసినదానికిని కోరినదానికిని గల భేదమును వేరుచేసి చూపవలెను. నాలుగవది, ఆ భేదము ఆ నిపుణునకు సహజముగా తట్టునా, తట్టినను ఫలించునను నమ్మకముతో పూనుకొనునా యని యడుగవలెను. ఈ నాలుగవ ప్రశ్నలోని రెండవ భాగము రసాయన విషయములలో మిక్కిలి ముఖ్యము. యంత్రములో చక్రమునకు చక్రము తగిలించిన ఏమి జరుగునో కాగితము మీద చెప్పవచ్చును. మూకుడులో రెండు ద్రవ్యములు కలిపిన ఏమి జరుగునో పెక్కుసారులు కలిపిచూచిన గాని తెలియదు.

మన సర్వోన్నత న్యాయస్థానము 1978 డిసెంబరులో బిశ్వనాథ ప్రసాదు రాధేశ్యాము వ్యాజ్యమున ఈ సూత్రమును వివరించెను. అది మీర్జాపూరు ఇత్తడి పాత్రల పని. పాత్రను తరిమెనపట్టిన కమ్మటమున నిలిపి మెరుగుపెట్టు విధమును గూర్చి యొకరు పేటెంటు పొందియుండిరి. ఉన్న సాధనమునకు పనివాడు తన నేర్పుతో చేసికొను చిన్న సవరణ ఆవిష్కారము కాదని చెప్పి న్యాయస్థానము దానిని అంగీకరింపదయ్యెను. కమ్మరి కొలిమిలోను, వడ్రంగి పనిలోను దినదినము జరుగు దిద్దుబాట్లకెల్ల ఒక్కొక్కరు కంచె వేసికొన్నచో పనివారు చేయి కదలింపలేరు గదా.

ఇంతవరకు సులభము. ఇక కష్టమైన సంగతి. పొడుపుకథ విప్పకముందు ఇంటిల్లిపాది తల గోకుకొందురు. విప్పిన మరుక్షణమున, ఓస్ ఇంతేనా యని పసివాడు సయితము నవ్వును. పేటెంటును విచారించువాని చేతిలో పొడుపుకథ విప్పియే యుండును. జవాబు ఎదుట పెట్టుకొని వెనుకకు చూచిన ప్రతి ఆవిష్కారమును తేటతెల్లముగానే కనిపించును. కావున విచారించువాడు దరఖాస్తుకు ముందటి దినమున నిలుచుండి, జవాబు తెలియనివానివలె ముందునకు చూడవలెను. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. దీనికి లోకప్రసిద్ధమైన యొక దృష్టాంతము కలదు. అది మీ యెరువుల బస్తాలోనే యున్నది.

రామగుండమున 1999లో మూతబడి 2021లో మరల ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారమున యూరియా తయారగుచున్నది. యూరియాకు మూలము అమ్మోనియా. అమ్మోనియాకు మూలము గాలిలోని నత్రజని. నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు విధమునకు జర్మనీ దేశపు ఫ్రిట్జ్ హాబరు 1909లో పేటెంటు కోరెను. అందలి సారము మిక్కిలి హెచ్చు ఒత్తిడి. వాతావరణపు ఒత్తిడికి ఇంచుమించు రెండువందల రెట్లు నొక్కి, వేడిచేసి, ఉత్ప్రేరకము మీదుగా పోనిచ్చినచో అమ్మోనియా లాభసాటిగా లభించునని ఆతడు చూపెను. ఆ యేడు జూలై 2న కార్ల్‌స్రూహె నగరమున బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థవారి యెదుట ఆ పరికరము పనిచేసినది.

దీనిని హోక్స్టు అను మరియొక సంస్థ ఎదిరించినది. 1912లో లైప్జిగు నగరపు న్యాయస్థానమున వాదము నడచెను. పూర్వపక్షము వినుడు. మూడు పాళ్ళ ఉదజనియు ఒక పాలు నత్రజనియు, వెరసి నాలుగు పాళ్ళ వాయువు, కలిసి రెండు పాళ్ళ అమ్మోనియా యగును. వాయువును నొక్కినచో తక్కువ చోటు పట్టు వైపునకు మొగ్గునని ఫ్రాన్సు దేశపు లషాతెల్యే 1884లోనే సూత్రీకరించెను. నేర్న్‌స్టు అను మహాశాస్త్రజ్ఞుడు హాబరుకంటె ముందే ఒత్తిడి పెంచి ప్రయోగములు చేసియుండెను. ఇక హాబరు చేసినదేమి? ఒత్తిడిని మరికొంత పెంచుట. అది ఎవరికి తట్టదు? ఇది వారి వాదము. బడిలో ఈ వాదమును విన్నచో పిల్లలందరు చేతులెత్తి ఔననెదరు.

ఇప్పుడు సిద్ధాంతపక్షము. సూత్రము తెలియుట వేరు, ప్రక్రియ తెలియుట వేరు. ఒత్తిడి పెంచినచో అమ్మోనియా హెచ్చునని సూత్రము చెప్పును. ఎంత హెచ్చును? ఆ హెచ్చు వ్యాపారమునకు చాలునా? అంత ఒత్తిడిని, అంత వేడిమిని ఒక్కసారిగా ఓర్చు పాత్ర సాధ్యమా? వేడి తగ్గించిన అమ్మోనియా పాలు పెరుగును గాని పని నత్తనడక నడచును. వేడి పెంచిన వడిగా జరుగును గాని ఫలము తరుగును. ఈ చిక్కునకు సూత్రము జవాబీయదు. సూత్రకర్తయగు లషాతెల్యేయే 1901 ప్రాంతమున హెచ్చు ఒత్తిడితో ప్రయోగము చేయగా పాత్ర పేలి, ఆ ప్రయత్నము విడిచెను. నేర్న్‌స్టు 1907లో తన కొలతలను చూచి, ఇది పరిశ్రమకు పనికివచ్చునను ఆశ లేదన్న యభిప్రాయముననే యుండెను. కావున ఆనాటి మహానిపుణులే ఫలించునని నమ్మలేదు. సామాన్య నిపుణుడు నమ్మునని ఎట్లనగలము?

న్యాయస్థానమున నేర్న్‌స్టు హాబరు పక్షమున సాక్ష్యము చెప్పెను. వ్యాజ్యము కొట్టివేయబడినది, పేటెంటు నిలిచినది. నేర్న్‌స్టునకు అప్పటికి బి.ఎ.ఎస్.ఎఫ్. వారితో ధనసంబంధమైన ఒప్పందము కలదని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ సాక్షి నోటిమాటను పక్కన పెట్టినను ఒక ప్రమాణము మిగులును. అది కాలక్రమము. సూత్రము 1884 నాటిది, అవసరము లోకమంతట నుండెను, సమర్థులు పూనుకొని విడిచిరి, ఇరువదియైదేండ్లు గడచెను. అంత తేటతెల్లమైనది అంతకాలము ఎవరికిని చేతికి చిక్కకుండునా? సాక్షి మాటకంటె ఈ మౌనసాక్ష్యము గట్టిది. నేటి విచారకులును దీనినే వెదకుదురు. చిరకాలపు కొరత యుండెనా? ఇతరులు యత్నించి యోడిరా? పెద్దలు ఆ దారి వద్దనిరా? ఫలితము ఎదురుచూడనిదా? వీనికి ఔనను జవాబులు వచ్చినకొలది, అది తేటతెల్లమను మాట బలహీనపడును.

ఇక రసాయన ప్రక్రియలకే ప్రత్యేకమైన ఒక చిక్కు. ప్రక్రియ పాతది, ముడిపదార్థము క్రొత్తది అయినచో ఏమందుము? నూగులనుండి నూనె తీయు గానుగలో ఎవరును వేయని గింజను వేసి, ఇది క్రొత్త ప్రక్రియ యనవచ్చునా? అమెరికాలో 1985లో డర్డన్ అను వ్యాజ్యమున, ముడిపదార్థమును, పుట్టిన పదార్థమును క్రొత్తవైనను తెలిసిన ప్రక్రియ తెలిసినదే యని న్యాయస్థానము పేటెంటు నిరాకరించినది. పిమ్మట పరీక్షకులు ఆ తీర్పును అన్ని దరఖాస్తులకు ఒకే కొలబద్దగా పట్టుకొన సాగిరి. 1995లో ఒచియాయి అను వ్యాజ్యమున అదే న్యాయస్థానము, అట్టి కొలబద్ద యేదియు లేదు, ప్రతి ప్రక్రియను దాని ముడిపదార్థముతోను ఫలముతోను కలిపి సమగ్రముగా చూచి విడివిడిగా తీర్పు చెప్పవలెను అని స్పష్టము చేసినది. ఇది న్యాయమైన మాట. ఎవరికిని తెలియని ద్రవ్యమును ఫలానా ప్రక్రియకు వాడుమని ఏ నిపుణునకు తట్టును? మన చట్టమున 3వ విభాగమునందు, తెలిసిన ప్రక్రియను ఊరక వాడుకొనుట ఆవిష్కారము కాదనియు, క్రొత్త పదార్థము పుట్టినప్పుడు గాని, కనీసమొక క్రొత్త క్రియాద్రవ్యము వాడబడినప్పుడు గాని ఆ నిషేధము వర్తింపదనియు కలదు. నిషేధము తప్పినంత మాత్రమున పేటెంటు వచ్చినట్లు కాదు. పైన చెప్పిన మూడవ ద్వారము అప్పుడును దాటవలసినదే.

ఈ విచారణకు మన పొలముతో సంబంధమేమో చూతము. వరిలో మొగిపురుగునకు వాడు మందులలో క్లోరాంట్రానిలిప్రోల్ అనునది యొకటి. దీనిని అమెరికా దేశపు ఎఫ్.ఎం.సి. సంస్థ అమ్ముచుండెను. ఆ మందును తయారుచేయు ఒక ప్రక్రియ మీదను ఆ సంస్థకు మన దేశమున పేటెంటు ఉండెను. రెండు ద్రవ్యములను సల్ఫొనైల్ క్లోరైడు అను ద్రవ్యము సాయమున జతపరచుట అందలి విశేషము. హైదరాబాదునకు చెందిన నాట్కో సంస్థ అదే మందును థయోనైల్ క్లోరైడు సాయమున చేయబూనెను. రెండును ఒకటే పని చేయును గనుక ఇది మా ప్రక్రియయే యని ఎఫ్.ఎం.సి. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వాదించెను. ఇక్కడ ప్రశ్న పేటెంటు చెల్లునా యని కాదు, దాని పొలిమేర యెంతవరకు అని. థయోనైల్ క్లోరైడు దారి పేటెంటునకు పూర్వమే తెలిసినదనియు, పేటెంటు పొందినవారు తమ కోరికలో సల్ఫొనైల్ క్లోరైడునే పేర్కొనిరనియు చూచి, న్యాయస్థానము 2022 సెప్టెంబరులో నాట్కో పక్షమున చెప్పెను. ఆ యేడు డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల పీఠము సయితము దానిని స్థిరపరచెను.

ఇందు గ్రహింపదగిన నీతి యేమి? క్రొత్త దారి వేసినవానికి ఆ దారి మీద సుంకము కలదు. పాత దారి మీద కంచె వేయుటకు అధికారము లేదు. మందు చేయుటకు తెలిసిన దారి తెరచియుండినచో అమ్మువారు పెక్కురగుదురు. అమ్మువారు పెక్కురైన చోట కొనువానికి బేరమాడు వీలు కలుగును. న్యాయవాదుల వాదమువలె కనిపించు ఈ విచారణ తుదకు రైతు సంచిని తాకుచున్నది. అట్లని ప్రతి పేటెంటును దొంగసొత్తనుటయు తగదు. హాబరునకు దక్కవలసినది దక్కనీయని లోకమున మరియొక హాబరు పదేండ్లు పొగలో కూర్చుండి కష్టపడడు. విచారణ వదులైనచో ఉమ్మడి సొత్తు ఒకరి పాలగును. మితిమీరి బిగువైనచో శ్రమించువాడు కరవగును. ధర్మకాటా ముల్లు రెండు వైపుల తూగవలెను.

ఇక మన పెరటి సంగతి. నిజామాబాదు సీమ పసుపునకు పేరు గన్నది. గాయము మాన్పుటకు పసుపును వాడుట మీద 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించినది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దీనిని పునర్విచారింపుమని కోరి, 32 వ్రాతలను సాక్ష్యముగా చూపెను. అందు సంస్కృత గ్రంథములును, 1953 నాటి భారతీయ వైద్యసంఘ పత్రికలోని వ్యాసమును కలవు. 1997లో ఆ పేటెంటు కొట్టివేయబడినది. ఇది తేటతెల్లమా కాదా యను మూడవ ద్వారము వరకు పోనక్కరలేని సంగతి. అది క్రొత్తదే కాదు.

మన ఇండ్లలో ముత్తవ్వ మొదలు మునిమనుమరాలి వరకు ఎరిగిన పసుపునకు ఇన్ని వ్రాతలు ఏల చూపవలసి వచ్చెను? ఆనాటి అమెరికా చట్టమున, పరదేశములలో జనులు వాడుచున్నారను నోటిమాట చెల్లదు. అచ్చుపడిన వ్రాత కావలెను. ఆ కట్టుబాటు 2013 మార్చి నుండి సడలినది. తర్కశాస్త్రమున శబ్దమును ప్రమాణమే. కాని ఆ కాలపు పరదేశపు కచేరిలో వ్రాతయే ప్రమాణము.

వేప కథ యింకను దగ్గరిది. వేపగింజల నూనెను ద్రావకముతో తీసి, దానితో పైరు మీది బూజుతెగుళ్ళను అరికట్టు విధము మీద అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖకును, డబ్ల్యు.ఆర్. గ్రేస్ సంస్థకును 1994లో ఐరోపా పేటెంటు లభించినది. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని మన సామెత. పరదేశికి పనికివచ్చినది! దానిని ఎదిరించినవారి పక్షమున, 1985, 1986 సంవత్సరములలో మహారాష్ట్రపు పొలములలో అట్టి నూనెతో జరిగిన పరీక్షలను గూర్చి ఒక భారతీయుడు మ్యూనికు నగరమునకు పోయి సాక్ష్యము చెప్పెను. 2000 మేలో పేటెంటు రద్దయినది. 2005 మార్చిలో అప్పీలును కొట్టివేయబడినది. పదియేండ్ల ఆ పోరాటమున గెలిపించినది ఆవేశము కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ విధముగా చేసిరో తేదీలతో చెప్పగలుగుటయే.

కావున పెద్దలకు నా మనవి యిది. మన చట్టము ఈ విషయమున ఉదారమైనది. దరఖాస్తులు సామాన్యముగా 18 నెలల పిమ్మట ప్రకటింపబడును. ప్రకటించిన పిదప, పేటెంటు ఇచ్చులోపల, 25వ విభాగము ప్రకారము ఎవరైనను వ్రాతపూర్వకముగా అభ్యంతరము చెప్పవచ్చును. ఒక జనసమూహమునందు నోటిమాటగా నిలిచియున్న జ్ఞానమును సయితము అందుకు ఆధారముగా ఆ చట్టము అంగీకరించును. కాని నోటిమాట మనుష్యునితో కూడ పోవును. మీ యూరిలో పాకము పట్టుటలో చేయితిరిగినవాడు, అద్దకపు రంగు కట్టువాడు, పశువుల మందు నూరువాడు ఉన్నచో, వానిని కూర్చుండబెట్టి, ఏ ద్రవ్యము, ఎంత పాలు, ఎంత సేపు, ఏ గుర్తు చూచి దింపవలెనో అడిగి, తేదీ వేసి వ్రాయించి, నలుగురి చేవ్రాలు పెట్టించి, వీలైన అచ్చు వేయించుడు. గుప్తముగా దాచిన రహస్యము రేపు పరుల సొత్తు కావచ్చును. వెల్లడిచేసి వ్రాసినది ఎవరి సొత్తును కాజాలదు.

మరియొక మాట. ఎవరైన ఇది నా క్రొత్త విద్య యని వచ్చినప్పుడు వెంటనే ఔననవలదు, వెంటనే ఛీ యనవలదు. నిన్నటి దినమున నిలిచి చూడుడు. నిన్న మన నిపుణునకు తెలిసినదేమి? వీడు చేర్చినదేమి? అది వానంతట వానికి తట్టునా? తట్టినను ఫలించునని నమ్మి పూనుకొనునా? ఈ నాలుగు ప్రశ్నలకు సాక్ష్యముతో జవాబు వచ్చువరకు తీర్పు చెప్పకుండుటయే న్యాయము. పాత దారి మీద కంచె వేయనీయకుండుటయు, క్రొత్త దారి వేసినవాని కష్టమును కాదనకుండుటయు ఒక్క ధర్మమునకే రెండు ముఖములు.